ఎండకి సెల్సియస్, జ్వరానికి ఫారెన్‌హీట్... మరి సెట్టింగ్ ఒక్కటే ఎందుకు?

మన ఇళ్లలో టెంపరేచర్‌కి రెండు లెక్కలున్నాయి. "ఈరోజు 43 అంట" అంటే ఎండ, అది సెల్సియస్. "నూట రెండు ఉంది" అంటే జ్వరం, అది ఫారెన్‌హీట్. యూనిట్ పేరు ఎవరూ చెప్పరు, అయినా అందరికీ అర్థమైపోతుంది. అర్థం కానిది గ్యాడ్జెట్లకే!

ఆండ్రాయిడ్ 14లో వచ్చిన రీజనల్ ప్రిఫరెన్సెస్ చూడండి. టెంపరేచర్‌కి ఉన్నది ఒకటే ఆప్షన్. వెదర్ కోసం సెల్సియస్ పెట్టుకుంటే, ఆ సెట్టింగ్‌ని ఫాలో అయ్యే హెల్త్ యాప్‌లో జ్వరం కూడా సెల్సియస్‌లోనే కనిపిస్తుంది. ఇది చిన్న విషయం కాదు. మా అమ్మమ్మకి ఒళ్లు కాలిపోతుంటే కొత్త డిజిటల్ థర్మామీటర్ 38.9 చూపించింది. "98 కూడా లేదు, ఏం కాదులే" అని ఆవిడ పడుకోబోయింది. అది 102!

కన్వర్టర్ యాప్ వెతుక్కోనక్కర్లేదు. సెల్సియస్‌ని రెట్టింపు చేయండి, అందులో పదో వంతు తీసేయండి, 32 కలపండి. 40 అయితే 80, అందులో 8 పోతే 72, 32 కలిపితే 104. ఇది ఉజ్జాయింపు కాదు, కరెక్ట్ లెక్కే. ఎందుకంటే 1.8తో గుణించడం అంటే అదే. అటు నుంచి ఇటు రావాలంటే మాత్రం కాస్త చిరాకే: 32 తీసేసి, 1.8తో భాగించాలి.

అసలు తిరకాసు స్మార్ట్‌వాచ్‌లతో. యాపిల్ వాచ్ సిరీస్ 8 నుంచి నిద్రలో మణికట్టు టెంపరేచర్‌ని కొలుస్తున్నారు. కానీ అది చూపించేది జ్వరం కాదు, మీ మామూలు స్థాయి కంటే ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అనేది. 0.5 డిగ్రీల సెల్సియస్ పెరిగిందంటే ఫారెన్‌హీట్‌లో 0.9 పెరిగినట్టు. అదే 0.5ని మామూలు కన్వర్టర్‌లో కొడితే 32.9 వస్తుంది! తేడాని మార్చేటప్పుడు 32 కలపకూడదు. ఈ మాట చెప్పే కన్వర్టర్ నాకు ఇంతవరకు కనిపించలేదు.

కంపెనీలని నేను అడిగేది ఒకటే: ఇండియాలో అమ్మే ఫోన్లలో, వాచ్‌లలో వెదర్‌కి ఒక స్విచ్, ఒంటి వేడికి ఇంకో స్విచ్ ఇవ్వండి. థర్మామీటర్ స్క్రీన్ మీద ఆ మూలన యూనిట్‌ని చీమంత కాకుండా, నంబర్ పక్కనే అంతే సైజులో వేయండి. కొత్త సెన్సర్ అక్కర్లేదు, ఖర్చూ పెద్దగా ఉండదు.