మంటకు గాలి వచ్చే దారేది?

గుంతకల్లులో గది వెచ్చబెట్టుకోవడానికి పొయ్యి పెట్టుకునే అవసరం ఎవరికీ రాదు. అయినా డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో వేన్నీళ్లు కావాలి. పాత ఇళ్లలో స్నానాల గదికి ఆనుకుని ఉన్న ఇరుకు చోట నీళ్ల పొయ్యి ఉంటుంది. అండా కింద కంది కట్టె, తుమ్మ కంప, వేరుశనగ పొట్టు, ఏది దొరికితే అది మండుతుంది. కొత్త ఇళ్లలో ఆ పని గ్యాస్ గీజర్ చేస్తోంది. ఇంధనం మారింది, గది మారింది. మంటకు బయటి నుంచి గాలి వచ్చే దారి గురించి మాత్రం ఇల్లు కట్టేవాళ్లూ, కట్టించుకునేవాళ్లూ, ప్లాను మంజూరు చేసేవాళ్లూ పట్టించుకోవడం లేదు. నిప్పు మండే ప్రతి గదికీ గోడ కింది భాగంలో, మూయడానికి వీల్లేని గాలి కన్నం ఒకటి తప్పనిసరి చేయాలి.

పొగ పోయే దారి గురించి మనకు ఎప్పటినుంచో తెలుసు. సీమలోని పాత మిద్దెల్లో వంటింటి కప్పుకు గవాక్షి ఉండేది. 1983లో కేంద్రం మెరుగైన పొయ్యిల పథకం మొదలుపెట్టినప్పుడు కూడా పొగగొట్టం మీదే దృష్టి పెట్టింది. కానీ గదిలోంచి గాలి బయటికి పోవాలంటే అంతే గాలి లోపలికి రావాలి. పాత ఇళ్లలో చెక్క తలుపుల సందులు ఎవరూ చెప్పకుండానే ఆ పని చేసేవి. ఆ ఇళ్లలో పొగ లేదని అనను. ఆ వంటిళ్లలో దగ్గుతూ వండిన తరాల ఆడవాళ్ల కష్టం చిన్నది కాదు. కాకపోతే మంటకు ఊపిరి అందేది. సిమెంటు స్లాబు వచ్చాక గవాక్షి పోయింది. దుమ్ముకు, దోమలకు భయపడి బిగించుకున్న అల్యూమినియం కిటికీలు, కింద సందు లేని ప్లాస్టిక్ తలుపులు వచ్చాక రెండో దారీ మూసుకుపోయింది.

ఇందులో ప్రమాదం ఎంతో లెక్క వేసి చూడవచ్చు. కిలో వంటగ్యాస్ పూర్తిగా మండాలంటే సుమారు 12 ఘనపు మీటర్ల గాలి కావాలి. నిమిషానికి ఆరు లీటర్ల నీళ్లు కాచే గీజర్ గంటకు దాదాపు కిలో గ్యాస్ కాలుస్తుంది. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల ఎత్తున్న స్నానాల గదిలో పట్టే గాలి ఆరు ఘనపు మీటర్లే. తలుపు, కిటికీ బిగించి పది నిమిషాలు గీజర్ నడిపితే ఆ గదిలోని ఆక్సిజన్‌లో మూడో వంతు మంటకే పోతుంది. అంతకు ముందే మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. సిలిండర్ లీకైతే పసిగట్టడానికి గ్యాస్‌కు ఘాటు వాసన కలుపుతారు గానీ, మంటలోంచి పుట్టే ఈ విషాన్ని పసిగట్టే మార్గం ముక్కుకు లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. స్నానానికి వెళ్లినవాళ్లు మూర్ఛ వచ్చి పడిపోయిన కేసులను మన దేశంలోని నరాల వైద్యులు నమోదు చేసి, దానికి ‘గ్యాస్ గీజర్ సిండ్రోమ్’ అని పేరు కూడా పెట్టారు. ఇలాంటి మరణాలను ఇంట్లోవాళ్లు గుండెపోటు అనుకుని ఊరుకునే అవకాశం ఉండడం మరీ బాధాకరం.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది కదా అంటారు చాలామంది. గాలి వచ్చే దారి లేని గదిలో ఫ్యాన్ తిప్పితే అది ఎక్కడినుంచి లాగుతుంది? పొయ్యికి పొగగొట్టం ఉంటే అందులోంచే లాగుతుంది. అంటే పైకి పోవలసిన పొగ వెనక్కి తిరిగి గదిలోకి వస్తుంది. ఫ్యాన్ మంచిదే, కింద కన్నం ఉన్నప్పుడు. బ్రిటన్ భవన నిబంధనలు 5 కిలోవాట్లు మించిన పొగగొట్టపు పొయ్యి ఉన్న గదికి ఎప్పుడూ తెరిచే ఉండే గాలి మార్గం ఉండాలంటాయి. అమెరికాలో ఫ్యాక్టరీలో తయారయ్యే ఇళ్లలో పొయ్యి పెడితే దానికి గాలి బయటి నుంచే అందాలి. చలికి వణికే దేశాలే గోడకు కన్నం పెట్టుకోగా లేనిది, అనంతపురం జిల్లాలో పెట్టుకోవడానికి అడ్డేమిటి?

అడ్డంకులు లేవని కాదు. మొదటిది దుమ్ము. ఉరవకొండ, వజ్రకరూరు వైపు గాలిమరలు నిలబెట్టారంటే ఇక్కడి గాలి ఎలాంటిదో చెప్పనక్కర్లేదు. తేళ్లు, పాములు, ఎలుకలు వస్తాయన్న భయమూ న్యాయమైనదే. ఇటుక అంత కన్నానికి బయటివైపు గట్టి ఇనుప జాలీ, వాన జల్లు పడకుండా చిన్న బండ వాలు చాలు. దోమతెర లాంటి సన్నని జాలీ మాత్రం వద్దు. అది నెలకే దుమ్ముతో పూడుకుపోతుంది. రెండోది గాలి దిశ. నైరుతి రుతువులో గాలి పడమటి నుంచి బలంగా వీస్తుంది. కన్నం దానికి ఎదురుగా ఉంటే గాలి లోపలికి నెడుతుంది, అవతలి వైపు ఉంటే బయటికి లాగేస్తుంది. అందుకే వీలైనచోట పడమటి గోడకు పెట్టాలి. గాలి దిశ మారే చలికాలం కోసం తలుపు కింద కూడా రెండు వేళ్ల సందు వదలాలి. గీజర్ విషయంలో అయితే కన్నం ఒక్కటే సరిపోదు. పొగగొట్టం లేని గీజర్‌ను స్నానాల గది బయటే బిగించాలి.

అందరికీ గ్యాస్ వచ్చేసింది, ఇంకా ఈ పొయ్యిల గొడవెందుకు అన్నది మూడో మాట. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం, 2016లో ఉజ్వల, 2024 నుంచి ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు: ఇవన్నీ ఆడవాళ్ల ఊపిరితిత్తులకు చేసిన మేలు కాదనలేనిది. అయితే మూడు సిలిండర్లు ఏడాది పొడుగునా వంటకే చాలని ఇంట్లో నీళ్లు కాచడానికి గ్యాస్ వాడరు. వానల్లేని నేల మీద మంచి కట్టె కూడా కరువే, కాబట్టి పొగ ఎక్కువ వచ్చే పంట మోళ్లే పొయ్యిలోకి పోతాయి. పైగా గ్యాస్ మంటకూ గాలి కావాలి. ఇంటి లోపలి పొగ వల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఒడిశాలో పంచిన పొగగొట్టం ఉన్న పొయ్యిలను ఆర్థికవేత్తలు ఎస్తేర్ డఫ్లో, రీమా హన్నా, మైకేల్ గ్రీన్‌స్టోన్ నాలుగేళ్లు గమనించారు. మొదటి ఏడాది పొగ పీల్చడం తగ్గింది. తర్వాత ఆ మేలు కనిపించలేదు, ఎందుకంటే జనం ఆ పొయ్యిలను వాడడం, మరమ్మతు చేయడం తగ్గించారు. వస్తువు పంచే పథకాలన్నిటికీ ఈ గండం ఉంది. గోడలో కన్నానికి జాలీ దులపడం తప్ప మరమ్మతు లేదు, నేర్చుకోవలసిన వాడకం లేదు. కట్టేటప్పుడే వదిలితే ఖర్చూ లేనట్టే.

పట్టణాల్లో సెంటు స్థలంలో ప్రభుత్వం కట్టించిన 340 చదరపు అడుగుల ఇళ్లకు పక్కింటి గోడ దాదాపు తగులుతుంది. జాతీయ భవన నియమావళి వంటింటికి చదరపు మీటరు కిటికీ ఉండాలంటుంది గానీ, కిటికీని మూసేయవచ్చు, మూసేస్తారు కూడా. ఇప్పుడు రెండు సెంట్లు ఇస్తామంటున్న ప్రభుత్వం కొత్త నమూనా ఇంటి ప్లానులోనే వంటింటికీ, స్నానాల గదికీ ఈ కన్నం గీయించాలి. గోడ అడుగు ఎత్తు లేచినప్పుడే ఇంజినీరు దాన్ని చూడాలి, అది లేకుండా ఆ దశ బిల్లు చెల్లించకూడదు. మునిసిపాలిటీ ప్లాను మంజూరు పత్రంలో ఒక వాక్యం చేర్చడానికి కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కర్లేదు. గ్యాస్ గీజర్ అమ్మే దుకాణదారు చేత, ఎక్కడ బిగించాడో రాసి సంతకం చేసిన కాగితం ఇప్పించాలి. రైల్వే క్వార్టర్ల నుంచి పేటల దాకా ఇప్పటికే కట్టేసిన ఇళ్లకు మేస్త్రీ ఒక పూట పని, ఒక జాలీ ముక్క సరిపోతాయి. చలికాలం రాకముందే ఆ పని పెట్టుకోవచ్చు.