ఇరవై రూపాయల జరిమానా, ఎడతెగని శిక్ష



2024 జూలై 27న ఢిల్లీ పాత రాజేంద్రనగర్‌లో ఒక శిక్షణా కేంద్రపు నేలమాళిగలోకి వరదనీరు చొరబడి ముగ్గురు అభ్యర్థులు మరణించారు. మరునాడు వారి తోటివారు కరోల్ బాగ్ మెట్రో స్టేషను వద్ద రోడ్డుపై బైఠాయించగా, పోలీసులు కొందరిని నిర్బంధంలోకి తీసుకొన్నారు. ఆ పరిసరాలలో ఇరుకు గదులలో ఉండి పోటీ పరీక్షలకు చదువుకొనే తెలుగు యువకులు ఎందరో ఉన్నారు. వీరికి రేపు రైల్వేలోనో, తపాలా శాఖలోనో ఉద్యోగం వస్తే, చేరకముందే పూర్తిచేయవలసిన అటెస్టేషన్ ఫారం ఇలా ప్రశ్నిస్తుంది: మీరు ఎప్పుడైనా అరెస్టు అయ్యారా? నిర్బంధంలో ఉంచబడ్డారా? మీపై కేసు నడిచినదా? జరిమానా పడినదా?

ఆ "ఎప్పుడైనా" అన్న మాటపైనే మా అభ్యంతరం. దానికి కాలపరిమితి లేదు. కేసు కొట్టివేసినా, ప్రభుత్వమే ఉపసంహరించుకొన్నా, "అవును" అనే వ్రాయవలెను. వ్రాయకపోతే నిజాన్ని దాచిన నేరం అదనంగా చేరుతుంది.

రైల్వే రక్షక దళంలో ఎంపికైన ఒక కానిస్టేబులు, 2011లోనే నిర్దోషిగా విడుదలైన కేసును ఫారంలో చూపలేదని, 2015లో శిక్షణ కాలంలోనే తొలగింపబడ్డాడు. 2022 మే నెలలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది. ఏడు సంవత్సరాలు! అన్ని సంవత్సరాలు కోర్టుల చుట్టూ తిరుగగల స్తోమత ఎందరికి ఉన్నది?

ఇంతకంటె చిత్రమైనది హర్యానా ఉద్యోగి ఉదంతం. భారత శిక్షాస్మృతి 294వ సెక్షన్ క్రింద ఇరవై రూపాయల జరిమానా పడినందుకు ఆయన కొలువు పోయినది. 1996లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పి, రెండువేల రూపాయల వరకు జరిమానాతో ముగిసే చిన్న నేరాలను ప్రభుత్వోద్యోగ విషయంలో శిక్షగా పరిగణించరాదని, పార్లమెంటు ఆలస్యం చేయక పూనుకోవలెనని సూచించింది. పార్లమెంటు నేటికీ అట్టి చట్టం చేయలేదు.

2023 నాటి జన విశ్వాస్ చట్టం మాత్రం 42 చట్టాలలోని 183 నిబంధనలను సవరించింది. 1898 తపాలా చట్టంలోని నేరాలన్నీ అప్పుడే తొలగినవి. వ్యాపారవర్గాలు దానిని హర్షించినవి. మాకూ విచారం లేదు. కాని అంతకుముందే శిక్షపడినవారి రికార్డును తుడిచే మాట అందులో లేదు.

1958 ప్రొబేషన్ చట్టం 12వ సెక్షన్ ఉన్నది గదా అని కొందరు సభ్యులు మమ్ములను అడుగుచున్నారు. దానివలన శిక్షకు అంటుకొన్న అనర్హత తొలగుతుందే తప్ప, నేర నిర్ధారణ చెరిగిపోదని 1975లో దక్షిణ రైల్వే ఉద్యోగి కేసులోనే సుప్రీంకోర్టు తేల్చింది. బాలలకు 2015 బాలన్యాయ చట్టం 24వ సెక్షన్ రికార్డునే నాశనం చేయించుచున్నది. పద్దెనిమిది నిండిన మరునాడు చేసిన పొరపాటుకు ఆ కరుణ లేదు. బ్రిటన్‌లో 1974 నాటి చట్టం ప్రకారం, స్వల్ప శిక్ష పొందినవాడు కొంతకాలం సత్ప్రవర్తనతో గడిపితే, చాలా ఉద్యోగాలకు దానిని చెప్పనవసరం లేదు. అదే 1974 మే నెలలో మన రైల్వే కార్మికులు సమ్మె చేసి వేలాదిగా జైళ్లకు వెళ్లారు. 1968 సెప్టెంబరు 19 నాటి సమ్మెలో తపాలా ఉద్యోగులపైనా కేసులు పెట్టారు. ఈ ఫారం లెక్కన వారందరూ "అవును" అని వ్రాయవలసినవారే!

చిన్న వయస్సులో నినాదాలు చేయడం వంటి స్వల్ప విషయాన్ని దాచినా యజమాని ఉపేక్షింపవచ్చునని 2016 జూలైలో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. "ఉపేక్షింపవచ్చును" అన్నదేగాని "ఉపేక్షింపవలెను" అనలేదు. ఒక డివిజన్ అధికారికి చిన్నదిగా తోచినది మరొకరికి నైతిక పతనంగా తోచవచ్చును.

దొంగతనాన్ని, మోసాన్ని, స్త్రీలపై దౌర్జన్యాన్ని కప్పిపుచ్చమని మేము కోరుట లేదు. ప్రజల సొమ్ము, ప్రయాణికుల ప్రాణాలు మన చేతులలో ఉంటాయి. జరిమానాతో ముగిసిన స్వల్ప నేరం నిర్ణీత కాలం తరువాత రికార్డు నుండి తొలగవలెననీ, కొట్టివేసిన కేసులను ఫారం అడుగరాదనీ మాత్రమే మా కోరిక. ఈ అంశాన్ని సంయుక్త సంప్రదింపుల యంత్రాంగంలో లేవనెత్తవలెనని శాఖలు తీర్మానాలు చేసి పంపవలెను. అంతవరకు క్రొత్తగా చేరేవారు ఏ కేసునూ దాచక, కోర్టు ఉత్తర్వు నకలు జతచేసి వ్రాయునట్లు శాఖా కార్యదర్శులు దగ్గరుండి చూడవలెను.