చంటిబిడ్డలతో కొండయాత్ర

మామిడి కోతలు ముగిసి, తోటలలోని కావలిపాకలు విప్పి, వ్యాపారులతో లెక్కలు తేలిన పిదప మరల చెట్టున పూత కనబడు వరకు మైలవరం, నూజివీడు ప్రాంతముల రైతుకుటుంబములకు కొంత తెరిపి లభించును. ఆ తెరిపిలోనే దసరా సెలవులు వచ్చుటచేత, ఒక శనివారమును ఆదివారమును కలుపుకొని, బడికి పోవు పిల్లను చేతపట్టుకొని, చంటివానిని చంకనెత్తుకొని అరకులోయకు బయలుదేరు యువదంపతులు నేడు మా ప్రాంతమున ప్రతి వీధిలోను కనబడుచున్నారు. మదరాసు ప్రభుత్వమువారు వేసవి రాగానే కార్యాలయములతోసహా ఉదకమండలమునకు తరలిపోవుచుండిన కాలమున, ఆ రాజధానికి లోబడియుండిన కృష్ణా జిల్లా రైతునకు కొండ యనగా పుణ్యక్షేత్రమే. బిడ్డకు పుట్టువెండ్రుకలు తీయించుటకు తిరుమల, మ్రొక్కు చెల్లించుటకు సింహాచలము. అట్టి రైతు మనుమడు నేడు బిడ్డలకు చల్లగాలి సోకవలెనని, తాను వారితో తీరికగా రెండు దినములు గడపవలెనని కొండకు పోవుట మేలైన మార్పే యని నా నిశ్చితాభిప్రాయము. అయితే ఆ యాత్ర జరుగుచున్న తీరు మాత్రము బిడ్డలకు తగినట్లు లేదు.

శుక్రవారము రాత్రి మైలవరమునుండి విజయవాడ చేరి, అక్కడ రైలెక్కి, 350 కిలోమీటర్లు ప్రయాణించి తెల్లవారకమునుపే విశాఖపట్టణమున దిగుదురు. ఐదేండ్లు నిండని బిడ్డకు రైలులో టికెట్టు అక్కరలేదు. అందుచేతనే బెర్తును లేదు. రాత్రియంతయు తల్లి ప్రక్కన ఇరుకుగా పరుండి, నిద్ర చాలని కన్నులతోనే బిడ్డ కొండ యెక్కవలసి వచ్చుచున్నది. ఆ పగలే పద్మాపురం తోట, గిరిజన మ్యూజియము. మరునాడు చాపరాయి, బొర్రా గుహలు, గాలికొండ. ఆ రాత్రికే తిరుగు రైలు. ఇన్ని చోట్లకు పరుగెత్తిన పెద్దలకు ఫోటోలు మిగులును గాని, వేళకు అన్నము, వేళకు నిద్ర లేని మూడేండ్ల బిడ్డకు ఏడుపు తప్ప మరేమియు మిగులదు. బిడ్డ యేడ్చుచున్నదని విసుగుకొను తండ్రులను స్టేషనులలో చూచినప్పుడు నాకు మిక్కిలి బాధ కలుగును.

కొండ యెక్కుటకు రైలే మేలు. బైలదిల్లా ఇనుపరాతిని జపానుకు పంపుటకై 1960వ దశకమున నిర్మించిన కొత్తవలస–కిరండూల్ మార్గమున సొరంగములు 58 కలవు. ఒక్కొక్క సొరంగమున పెట్టెలోని పిల్లలందరును ఒక్కసారిగా కేకవేయుదురు. వెలుగు రాగానే నవ్వుదురు. మరల చీకటికై ఎదురుచూతురు. నాలుగు గంటల ఆ ప్రయాణమున బిడ్డ నడవవచ్చును, పరుండవచ్చును, కిటికీకి ముఖమానించి లోయలను చూడవచ్చును. శృంగవరపుకోట దాటిన పిమ్మట ఘాటురోడ్డున కారులో పోవు బిడ్డకు ఈ సౌఖ్యము లేదు. రెండేండ్లు దాటి పండ్రెండేండ్ల లోపున నున్న పిల్లలకు మలుపుల దారిలో వాంతులు అధికము; ఏలయన దేహము కదలుచున్నదని లోచెవి మెదడునకు తెలుపుచుండగా, చేతిలోని ఫోనుపై నిలిచిన కన్ను కదలిక లేదని చెప్పుచుండును. ఫోను తీసివేసి, తేలికయైన ఆహారము పెట్టి, ముందున్న దారిని చూడనిచ్చి, నడుమ నడుమ బండి నిలిపినచో ఈ బాధ చాలవరకు తగ్గును. ట్యాడలోను, అనంతగిరిలోను పర్యాటకాభివృద్ధి సంస్థవారి వసతిగృహములు కలవు; కారులో పోవువారు మొదటిరాత్రి అక్కడనే నిలిచినచో మరింత మేలు.

అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. వేయి మీటర్లు ఎక్కినచో ఆరు డిగ్రీలకు పైగా వేడిమి తగ్గుట ప్రకృతిధర్మము. పసిబిడ్డ దేహము పెద్దవారి దేహముకంటె త్వరగా వేడిని కోల్పోవును. కావున పట్టణపు ఉక్కలో సంచి సర్దు తల్లి టోపీని, మేజోళ్లను, ఉన్నిచొక్కాను మరువరాదు. మన్యమున మలేరియా భయము కలదు గనుక దోమతెరయు వెంట ఉండవలెను. ఆదివారపు రద్దీలో, తడిసి జారు మెట్లమీద, చంకబిడ్డతో బొర్రా గుహలలోనికి దిగుట నేను సమ్మతింపను. పెద్దబిడ్డను తండ్రి తీసికొనిపోయి, నీటిబొట్టు సున్నపురాతిని కరిగించి మరల పేర్చుచు గోస్థనీ తీరమున ఈ గుహలను మలచిన విధమును చూపవలెను. తల్లి చిన్నబిడ్డతో చెట్టునీడన విశ్రమింపవలెను.

తల్లి విశ్రాంతి మాట మరియొకటి కలదు. పూర్వము క్షేత్రమునకు పోవునప్పుడు అత్తయో, అమ్మయో, ఆడపడుచో వెంటనుండి బిడ్డను ఒకరి చేతినుండి ఒకరు అందుకొనుచుండిరి. నేడు దంపతులిద్దరే రిసార్టునకు పోవునప్పుడు, ఇంటిలోని చాకిరి యంతయు కొండమీదికి తరలివచ్చి తల్లి యొక్కతెమీదనే పడుచున్నది. పాలసీసాలు కడుగుట, గుడ్డలు మార్చుట, అన్నము తినిపించుట ఆమె వంతు, ఫోటోలు తీయుట అతని వంతు. ఇది అన్యాయము. నాయనమ్మనో అమ్మమ్మనో తోడుకొని పోవుడు. ఆమెయు కొండగాలికి నోచుకొనవలసినదే. ఇక తండ్రి సగము పని తన దనుకొనవలెను.

చంటిబిడ్డలతో అరకు పోవువారు మూడు రాత్రులైనను ఒకేచోట నిలువవలెను. దసరా పిదప లోయలో వలిసె చేలు పచ్చని పూలతో కనులపండువు చేయును. సిల్వరు ఓకు చెట్ల నీడన కాఫీ గుత్తులు, ఆ చెట్లకే ప్రాకిన మిరియపు తీగలు కనబడును. మామిడి ఎండను కోరును, కాఫీ నీడను కోరును. తోటలో పుట్టిన మైలవరపు పిల్లవానికి ఈ భేదము చూపినచో వాడు పది ప్రశ్నలు వేయును. ఆ ప్రశ్నలకు తండ్రి నిలిచి బదులు చెప్పుటకే ఈ యాత్ర. అక్కడి గిరిజనులు మనవలె పంట పండించుకొను గృహస్థులని, వేడుకకై నిలిచినవారు కారని పిల్లలకు తెలుపవలెను. వారు వాడుకొను వాగునీటి ఒడ్డున డైపర్లు పారవేయుట పాపము. వానిని సంచిలో వేసికొని చెత్తకుండీకి చేర్చుట మన విధి.

రెండు దినములకంటె ఎక్కువ తీరిక లేనివారికి కొండపల్లి చాలును. విజయవాడకు పోవు దారిలోనే, పదునాలుగవ శతాబ్దిలో రెడ్డిరాజులు కట్టించిన దుర్గము కొండపైన, తెల్లపొణికి కర్రతో బొమ్మలు చెక్కు కుటుంబములు కొండ దిగువను ఉండగా, పిల్లవానికి చూచుటకు కొరత యేమి? ఉదయమున దుర్గము చూచి, మధ్యాహ్నము చెట్టుక్రింద అన్నము తిని నిద్రించి, సాయంకాలము అంబారీ యేనుగును కొనుక్కొని ఇల్లు చేరవచ్చును.

పర్యాటకశాఖవారికి నా విన్నపము: కొండపల్లి దుర్గమువద్దను, అరకులోయలో జనము గుమిగూడు ప్రతి చోటను తల్లి బిడ్డకు పాలిచ్చుటకు ఒక గది, శుభ్రమైన మరుగుదొడ్డి, కాచిన నీరు తప్పక ఉండునట్లు రాబోవు దసరాకు ముందే ఏర్పాటు చేయవలెను.