బొమ్మ పక్కన నాలుగు మాటలు

చేర్యాల నకాషీ చిత్రకారులకు ఒకప్పుడు తమ పని గురించి చెప్పుకోవాల్సిన అవసరమే ఉండేది కాదు. పటం వేయించుకునేవాళ్లే కథ చెప్పేవాళ్లు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవాళ్లు వచ్చి, ఫలానా కథ గీసిపెట్టమని అడిగేవారు. ఊరి నడుమ పటం కట్టి, ఒక్కో ఘట్టం విప్పుతూ పాడేవారు. గీసేవాడు గీసేవాడే, చెప్పేవాడు చెప్పేవాడే.

ఇప్పుడు అదే పటం ముక్కలుగా ఫ్రేముల్లోకి వచ్చింది. కొనేది గచ్చిబౌలి ఫ్లాటులో ఉండే దంపతులు, లేదా సెలవులకు ఊరొచ్చి డాలస్‌కు తిరిగి వెళ్లబోయే అమ్మాయి. ఆ కథ వాళ్లు విననే లేదు, పాడి చెప్పేవాళ్లూ వెంట రారు. ఆ చెప్పే పని కూడా ఇప్పుడు గీసినవాడి నెత్తినే పడింది. మనవాళ్లు తడబడుతున్నది అక్కడే.

మేళాల్లో బొమ్మల పక్కన పెట్టే చీటీలు, ఫోన్లలో తిరిగే అమ్మకపు పోస్టులు చూడండి. కొన్నిటిలో బొమ్మ పేరు, కొలతలు తప్ప మరేమీ ఉండదు. మిగతావన్నీ సన్మానపత్రాలే: ‘మన ప్రాచీన సంస్కృతికి అద్దం పట్టే అపురూప కళాఖండం. ప్రముఖ చిత్రకారుని కుంచె నుంచి జాలువారిన అద్భుతం.’ ఈ మాటలు కొండపల్లి ఎడ్లబండికీ అతుకుతాయి, ఏటికొప్పాక లక్కపిడతకూ అతుకుతాయి, పక్క స్టాలులో మిషను మీద అచ్చేసిన బట్టకూ అతుకుతాయి. అన్నిటికీ అతికే మాట దేన్నీ అమ్మిపెట్టదు. గ్యాలరీల్లో ప్రదర్శించే ఆధునిక చిత్రకారులదీ ఇదే దారి. వాళ్ల కరపత్రాల్లో అపురూపానికి బదులు ‘అస్తిత్వ వేదన’, ‘అంతర్లోక అన్వేషణ’ ఉంటాయి, అంతే తేడా.

కొనేవాళ్ల వైపు నుంచి ఆలోచించండి. పదిహేను వేలు పెట్టి బొమ్మ కొని హాల్లో తగిలించిన మనిషిని, ఆదివారం భోజనానికి వచ్చిన బావమరిది ‘ఏమిటిది, ఎంతకు కొన్నారు?’ అని అడుగుతాడు. అప్పుడు చెప్పుకోవడానికి కొన్నవాడి దగ్గర నాలుగు మాటలుండాలి. ఆ మాటలు బొమ్మ గీసిన మీరే ఇవ్వాలి. అస్తిత్వ వేదన గురించి బావమరిదికి ఎవరూ చెప్పరు.

శ్రీకాళహస్తి కలంకారీ పనివారు వారధి ఘట్టం గీశారనుకుందాం. దాని పక్కన ఇలా రాయొచ్చు: ‘వానరులు సముద్రం మీద వారధి కడుతున్నారు. కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో బట్టను తడిపి ఆరబెట్టాను. పాలు లేకపోతే రంగు పాకిపోతుంది. నల్ల గీతలు కసిమితో వేశాను. ఇనపముక్కలు, బెల్లం రోజుల తరబడి నీళ్లలో ఊరబెడితే వచ్చే రంగు అది. కలం అంటే వెదురుపుల్ల, దానికి చుట్టిన ఉన్ని. ఈ పని మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. కింద మూలన ఉన్న ఉడతను మా అమ్మాయి గీసింది.’ ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు. అయినా ఇది చదివినవాళ్లు వంగి ఆ ఉడతను వెతుకుతారు. వెతికాక ధర అడుగుతారు.

భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉందని రాయడం మంచిదే, అయితే అది ఆ పని చేసే ఊరందరికీ చెందిన గౌరవం. మీ చేతి పని గురించి మీరే చెప్పాలి. కలంతో గీసిన చీరకూ, కలంకారీ పేరుతో అమ్ముడయ్యే స్క్రీన్ ప్రింటుకూ తేడా చాలామంది కంటికి ఆనదు. ఆ రెండు ధరల మధ్య అంత దూరం ఎందుకో చెప్పగలిగేది మీరు రాసే ఆ కాస్త వివరమే. అందుకే అబద్ధం రాయకూడదు. డబ్బా రంగులు వాడితే డబ్బా రంగులనే రాయండి. సహజమైన రంగులని రాసి, తర్వాత బయటపడితే, నిజంగా కరక్కాయ నూరుకునే పక్కింటివాడి మాట కూడా ఎవరూ నమ్మరు.

సొంత డబ్బా కొట్టుకోవడం అవుతుందేమోనని కొందరికి జంకు. మన కావ్యాల అవతారికలు తిరగేయండి. ఫలానా వంశం, ఫలానా తండ్రి, ఫలానావారికి అంకితమని చెప్పుకున్నాకే కవులు కథలోకి వెళ్లేవారు. చేసిన పని చేశానని చెప్పడం గొప్పలు పోవడం కాదు. తన గురించి తానే ‘ప్రముఖ’ అని రాసుకోవడమే ఎబ్బెట్టు. ‘నేను’ అని రాయండి. అవార్డులుంటే చివర ఒక్క వాక్యం చాలు. ధర కూడా దాచొద్దు. ‘రేటు కోసం మెసేజ్ చేయండి’ అన్నచోట బేరమాడే ఓపిక ఉన్నవాళ్లే మిగులుతారు, కొందామనుకున్న మొహమాటస్తులు జారుకుంటారు.

రాయడం రాదంటారా? కొనడానికి వచ్చినవాళ్లకు చెప్పినట్టే ఫోన్‌లో చెప్పి రికార్డు చేయండి. ఇంట్లో చదువుకున్న పిల్లల చేత ఉన్నదున్నట్టు రాయించండి. చాట్‌జీపీటీకి వట్టి బొమ్మ పేరు ఇచ్చి రాయమంటే మళ్లీ సన్మానపత్రమే చేతికొస్తుంది. ఉడతను ఎవరు గీశారో దానికేం తెలుసు?

చివర్లో పేరు, ఊరు, ఫోన్ నంబరు తప్పక ఉండాలి. బొమ్మ ఎవరిదో కొన్నవాళ్లకు తెలియనంత కాలం వాళ్లు మళ్లీ వెళ్లేది దళారి దగ్గరికే, ధర చెప్పేదీ అతనే.