బడికి గీటురాయి

గుంటూరు, ఒంగోలు ప్రాంతాలలో చర్చి బడులకు ఘనమైన చరిత్ర ఉంది. 1842లో గుంటూరుకు ఫాదర్ హయ్యర్, 1866లో ఒంగోలుకు క్లౌ దొర వచ్చిన పిదప మిషన్ బడులు చదువును దళితవాడల ముంగిటికి చేర్చాయి.

అయితే గతకీర్తి నేటి నాణ్యతకు ప్రమాణం కాజాలదు. పర్చూరు పరిసరాలలో పత్తితీతలు, మిరపకోతలు మొదలైతే కూలీల పిల్లలు కొందరు తల్లిదండ్రుల వెంట చేలకు పోతారు. వారిని మరల బడికి రప్పించి, తప్పిన పాఠాన్ని ఓర్పుతో బోధించడమే ప్రాథమిక విద్యకు ప్రాణం.

చర్చి బడులతో సహా మైనారిటీ విద్యాసంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. చట్టం సడలినా బాధ్యత సడలరాదు. ఐదవ తరగతి బాలిక ఒక పుటను తడబడక చదివి, భావాన్ని సొంత మాటలలో చెప్పగలగాలి. బడికి అదే గీటురాయి.