ఎంపిక కాదు, పంపకం

కెనడాలో హాకీ చూడడానికి ఎన్ని మార్గాలో చూడండి, నచ్చినది ఎంచుకోండి అని ప్రకటనలు ఘోషిస్తున్నాయి. అక్కడి మన మిత్రులు కొందరు ఈ మాటను నమ్మి, నన్ను కూడా నమ్మించబూనుకున్నారు. నేను అంగీకరించను. ఒకే సరుకును నలుగురు అమ్ముతుండగా మనకు నచ్చినవాని వద్ద కొనుక్కోవడం ఎంపిక. ఒకే సరుకును ముక్కలు చేసి తలా ఒక ముక్క పట్టుకొని కూర్చుంటే దానిని పంపకమంటారు. పంపకం జరిగినది వారి మధ్య, చెల్లించుకొనేది మనం.

హాకీ అనగానే మనకు ధ్యాన్‌చంద్ స్ఫురిస్తాడు. నేను ప్రస్తావిస్తున్నది మంచు మీద ఆడే హాకీని. టొరంటో పరిసరాలలో మా అమ్మాయి ఇంట రెండు శీతకాలాలు గడిపిన కారణాన ఈ ఆటతో పరిచయమైనది. గడప దాటలేని ఆ చలిలో, పదేండ్ల మనుమని ప్రక్కన కూర్చొని ఆట చూడడం కంటె ఉత్తమమైన వ్యాపకం వేరొకటి కనబడలేదు. (బంతికి మారుగా వాడే నల్లని రబ్బరు బిళ్ళను పక్ అంటారు. అది ఏ మూలనున్నదో పోల్చుకొనడానికే నాకొక మాసం పట్టినది.)

పంపకం కథ ఇది. నేషనల్ హాకీ లీగు వారి కెనడా జాతీయ ప్రసారహక్కులను 2013 నవంబరులో రోజర్స్ సంస్థ 12 ఏండ్లకుగాను 520 కోట్ల కెనడా డాలర్లకు కొన్నది. 2025 ఏప్రిల్‌లో మరి 12 ఏండ్లకు 1100 కోట్లకు ఒప్పుకున్నది. ఈ ధనమంతా ఎవరి జేబులోనుండి రావాలో వేరే చెప్పనక్కరలేదు. 2024-25 సీజను నుండి రెండేండ్లపాటు సోమవారపు ఆటలు అమెజాన్ ప్రైమ్ పాలైనవి. జాతీయ ప్రసారంలోకి రాని టొరంటో ఆటలను స్పోర్ట్స్‌నెట్, టీఎస్ఎన్ చానళ్ళు పంచుకున్నవి. అంటే ఆ రెండేండ్లలో టొరంటోలో ఉంటూ టొరంటో జట్టు ఆడే 82 ఆటలూ చూడదలచిన సంసారి మూడు చోట్ల చందా కట్టవలసి వచ్చినది! ఇంతా చేసి ఆ జట్టు 1967లో కప్పు గెలిచిన తరువాత 2025 వరకు మరల గెలిచిన పాపాన పోలేదు.

దీనికంటె ఘోరం బ్లాక్అవుట్. టొరంటోలో కాపురముంటూ మాంట్రియాల్ జట్టును అభిమానించడమే ఒక అపరాధం. ఆ జట్టు ప్రాంతీయ ఆటలను టీఎస్ఎన్ ప్రసారం చేస్తుంది, మీరు టీఎస్ఎన్‌కు చందా కట్టియే ఉంటారు, అయినను మీ చిరునామా చూచి తెర మూసివేస్తారు. తెరవాలంటే వేరొకరి వద్ద ఇంకా ఖరీదైన చందా. సొమ్ము పుచ్చుకొని సరుకు దాచిపెట్టే అంగడిని మా ఊరిలో ఎవరూ సహించరు.

"ఎంత, మామయ్యగారూ, నెలకు నాలుగు కాఫీల ఖరీదు" అంటారు మా అల్లుడుగారు. వారికి కాఫీ లెక్క సరిపోవచ్చును. రాత్రి కాపలా ఉద్యోగం చేస్తూ చదువుకొనే మన పిల్లవానికి సరిపోదు. కొందరి ఇండ్లలో అన్ని చానళ్ళూ చూపే దొంగపెట్టెలు కూడా ఉన్నవి. కంచె ఎత్తు పెంచినకొద్దీ దూకేవారు పెరగడం సహజమే గాని, ఆ పెట్టె కొన్నవాడు నా శిష్యుడైతే చెవి మెలిపెట్టక మానను.

ఇక నా పక్షం. 1952 నుండి సీబీసీవారు శనివారం రాత్రి హాకీని టీవీలో చూపుతూ వచ్చినారు. హక్కులు రోజర్స్‌కు పోయిన తరువాత కూడా ఒప్పందం మీద ఆ ప్రసారం కొనసాగినది. సీఎన్ టవరు నుండి వచ్చే సీబీసీ డిజిటల్ ప్రసారాన్ని అందుకొనడానికి కిటికీ వద్ద ఒక చిన్న యాంటెన్నా చాలు, చందా లేదు. ఒకనాడు మనం డాబాలెక్కి త్రిప్పిన యాంటెన్నాకు మనుమరాలు అనుకోండి. వారానికొక్క రాత్రి, అందరూ ఒక్కసారే చూసే ఆట. 82 ఆటలు చూచి తీరాలన్న వ్రతం ఎవరు పట్టమన్నారు?

అంతకంటె ముఖ్యమైనది భాష. 1952లోనే మాంట్రియాల్ నుండి ఫ్రెంచిలో వ్యాఖ్యానం చెప్పిన రెనే లెకవాలియె, ఆంగ్లపదాలను యథాతథంగా వల్లించక ఫ్రెంచి హాకీ పదజాలానికి రూపమిచ్చినాడు. 2008లో పంజాబీ వ్యాఖ్యానం మొదలైనది, 2014లో ఓమ్ని చానలుకు మారినది. పక్‌ను వారు టిక్కీ అన్నారు. కర్ర ఎత్తి బలంగా కొట్టే స్లాప్‌షాట్‌కు చెంపదెబ్బ అనే తమ మాటనే వాడినారు. 2016 ఫైనల్లో హర్నారాయణ్ సింగ్ బొనీనో పేరును ఎలుగెత్తి పదేపదే పలికిన తీరు ఆంగ్లేయులు సైతం చెప్పుకున్నారు. ఇది పాండిత్యమా, సజీవమైన భాషాసేవయా?

మనవారు తక్కువ, పంజాబీలు ఎక్కువ అంటారా? నిజమే. అయితే మూడు చందాలు కట్టడానికి అడ్డురాని సంఖ్య, తెలుగులో ఒక్క శనివారం వినిపించండని ఒక ఉత్తరం వ్రాయడానికి ఎందుకు అడ్డువస్తున్నది? ఉత్తరం ఫలించేదాకా మా ఇంట నడిచిన పద్ధతి చెప్పెదను. ధ్వని పూర్తిగా తగ్గించి, నేనూ మనుమడూ తెలుగులో వ్యాఖ్యానం చెప్పుకొనేవారము. కర్ర, బిళ్ళ చిన్ననాటి కర్రాబిళ్ళ నుండి ఉచితంగా వచ్చినవి. చెంపదెబ్బ పంజాబీల నుండి అప్పు. ఇంటిలో "ఊఁ", "ఆఁ" తప్ప తెలుగు పలుకని ఆ పిల్లవాడు రెండున్నర గంటలు తెలుగులో అరచినాడు. ఏ చందాతో ఇది వస్తుందో అల్లుడుగారే చెప్పాలి.

ఐసింగ్ అనే నియమమొకటి మిగిలిపోయినది. ఆటగాడు నడిమి గీతకు ఇవతలనుండి బిళ్ళను కొట్టగా, అది ఎవరికీ తగలక అవతలి జట్టు గోలు గీత దాటిపోవడం. "మంచుదాటు" అన్నాను, మనుమనికి నచ్చలేదు. మీలో ఎవరికైనా మంచి మాట తోస్తే తెలుపగలరు.