రసీదేదండీ, అయ్యగారూ?

మా గదిలో పై మంచం కుర్రాడు స్టీల్ ఫిక్సరు. రాజోలు అవతల లంక ఊరు. పొద్దున్న నాలుగున్నరకి బస్సెక్కితే రాత్రి ఏడింటికి దిగుతాడు. ఈ వారంలో వాడి ఫోన్లో ఒకే గొంతు, వాళ్ల ఊరి పాస్టరు అయ్యగారిది, మూడుసార్లు విన్నాను. మొదటిసారి, “ప్రైజ్ ద లార్డ్ బ్రదర్, సంవత్సరాంతపు ప్రత్యేక కానుక గురించి ప్రార్థన చేస్తున్నారు కదా.” రెండోసారి, “మెసేజ్ చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి బ్రదర్, జవాబు మాత్రం లేదు.” మూడోది విన్నాక నాకు ఒళ్లు మండింది. “మీ రూములో మన సహోదరులు ఇంకెవరైనా ఉంటే వాళ్ల దగ్గర కూడా పోగుచేసి పంపండి.”

అయ్యగారికి తెలియదేమో. ఈ యూఏఈ దేశంలో విరాళాల మీద 2021లో ఫెడరల్ చట్టం వచ్చింది. లైసెన్సున్న సంస్థ తప్ప ఇంకెవరూ జనం దగ్గర చందాలు పోగుచేయకూడదు. గీత దాటితే జైలు, లేదంటే 2 లక్షల దిర్హాములకు తగ్గని జరిమానా, లేదా రెండూ. జరిమానా 5 లక్షల దాకా పోవచ్చు. మా కుర్రాడి జీతం 1,200. తిండీ తిప్పలూ మానేసి కట్టినా దాదాపు పద్నాలుగేళ్లు పడుతుంది. ఊళ్లో కూర్చుని “పోగుచేయండి” అనడానికి ఒక్క వాయిస్ మెసేజ్ చాలు. ఇక్కడ టోపీ పట్టుకుని మంచం మంచం తిరగాల్సింది వీడు.

అసలు ఈ సంవత్సరాంతం ఎవరిదండీ? అమెరికాలో డిసెంబరు 31 లోపల ఇచ్చిన కానుకే ఆ ఏటి పన్ను లెక్కలోకి వస్తుంది. అందుకే అక్కడి పరిచర్యలు ఆఖరి వారంలో దాతల వెంటపడతాయి. మనదేశంలో లెక్కల ఏడాది మార్చి 31కి గానీ ముగియదు. ఇక్కడ జీతం మీద ఆదాయపు పన్నే లేదు. పన్ను లేనివాడికి పన్ను గడువు చూపించి తొందరపెట్టడం ఏ లోకపు న్యాయం? వాళ్ల దగ్గర నుంచి గడువొక్కటే తెచ్చుకున్నాం. జనవరిలో వాళ్లు పంపే రసీదు మాత్రం ఓడలోనే మర్చిపోయాం.

నాకింకో అనుమానం కూడా ఉంది. విదేశీ డబ్బు తెచ్చే కంపాషన్ ఇంటర్నేషనల్ సంస్థ 2017లో మనదేశం నుంచి వెళ్లిపోయింది. 2020లో విదేశీ విరాళాల చట్టానికి బిగింపులు పడ్డాయి. అటు కుళాయి సన్నబడింది. భారత పాస్‌పోర్టు ఉన్నవాడు తన కష్టార్జితంలోంచి బ్యాంకు దారిన పంపితే అది విదేశీ విరాళం కింద లెక్కకు రాదు. ఇంకేం, గువైఫాత్ సరిహద్దుకు పోయే పెద్దరోడ్డు పక్కన, ఈ మఫ్రఖ్ క్యాంపుల్లో, ఆరు మంచాల గదుల్లో పడుకునేవాళ్లు ఉన్నట్టుండి ‘మన పరిచర్య భాగస్వాములు’ అయిపోయారు.

అడగడం తప్పని నేననను. ఇస్తామని మాటిచ్చి ఏడాదిగా నానుస్తున్న కొరింథువాళ్ల వెంట పౌలే పడ్డాడు. రెండో పత్రికలో 8, 9 అధ్యాయాలు పూర్తిగా ఆ గొడవే. తీతును పంపాడు. తీతు ఒక్కణ్నే పంపి ఊరుకోలేదు, తోడుగా ఇద్దరు సహోదరులను కూడా పంపాడు. ఎందుకట? ఆ పెద్ద మొత్తం విషయంలో తన మీద ఎవరూ వేలెత్తకుండా ఉండటానికి. మన ప్రసంగాల్లో తీతు దాకా వస్తారు. ఆ ఇద్దరు సహోదరుల దగ్గరికొచ్చేసరికి ముగింపు ప్రార్థన మొదలవుతుంది.

రసీదంటే నాకు పిచ్చి అని మా ఆవిడ అంటుంది. గుమాస్తా బుద్ధి, ఎక్కడికి పోతుంది. బ్రిస్టల్లో అనాథ పిల్లలను సాకిన జార్జి ముల్లర్ ఎవర్నీ పైసా అడగలేదని మనవాళ్లు గొప్పగా చెబుతారు. హైదరాబాదు హెబ్రోనులో భక్తసింగ్ గారిదీ అదే పద్ధతి. కానీ ముల్లర్ కథలో నాకు నచ్చిన ముక్క వేరే. వచ్చిన ప్రతి కానుకకూ అచ్చు రసీదు, దాని మీద నంబరు. ఏడాదికోసారి లెక్కలన్నీ పుస్తకంగా వేసేవాడు. 1841 డిసెంబరులో చేతిలో డబ్బు అడుగంటింది. సరిగ్గా లెక్కలు చదివే సభ పెట్టాల్సిన సమయం. ఇప్పుడు సభ పెడితే చెయ్యి చాచినట్టు ఉంటుందని దాన్ని వాయిదా వేశాడు! అదీ డిసెంబరే, ఇదీ డిసెంబరే.

అంత దూరం ఎందుకు? 1912లో బిషప్ అయిన అజరయ్య గారి దోర్నకల్ ప్రాంతంలో ఆడవాళ్లు అన్నానికి ఎసరు పెట్టేటప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం దేవుడి పేర వేరే కుండలో వేసేవారు. మా నాయనమ్మ పొయ్యి పక్కనా అలాంటి కుండ ఉండేది, మూతగా చిల్లుపడ్డ సత్తుపళ్లెం. ఆదివారం సంఘమంతా చూస్తుండగా సోలతో కొలిచి పోసేవారు. కొలిచిందే లెక్క, చూసినవాళ్లే ఆడిటర్లు. “ఈ వారం పిడికిలి సంగతేమైంది సిస్టర్” అని ఎవరూ ఇంటి మీదికి వచ్చింది లేదు.

ముల్లర్ లెక్కల పుస్తకంలో దాతల పేర్లుండవు, నంబర్లుంటాయి. మనకి నంబర్లుండవు, పేర్లుంటాయి. ఊళ్లో ఏ చర్చికైనా వెళ్లి పైకి చూడండి. ఫ్యాను రెక్క మీద ఎర్ర పెయింటుతో ఇంటిపేరుతో సహా ‘ఫలానావారి జ్ఞాపకార్థం’. కరెంటు పోతే తప్ప చదవలేం. కుర్చీ వీపు మీద పేరు, మైకు స్టాండు మీద పేరు, గేటు పక్క నల్లరాతి మీద పెద్ద పేరు. నాలుగేళ్లుగా నెలకు యాభై దిర్హాములు పంపుతున్న మా కుర్రాడి పేరు ఏ రెక్క మీదా లేదు. యాభై యాభైగా వచ్చిన డబ్బుతో ఫ్యాను కొనరు, ఫ్లెక్సీ కొడతారు. కొత్త సంవత్సరం క్యాలెండరు వేస్తారు, కోటు వేసుకున్న అయ్యగారు, పట్టుచీరలో అమ్మగారు, వాళ్ల కాళ్ల దగ్గర చీమల్లా తేదీలు. పోయినేడు ఇక్కడికొకటి వచ్చింది. మా గోడకి మేకు దిగదు, మంచం కోడుకి కట్టాం. తేదీ కోసం వంగిన ప్రతిసారీ అయ్యగారి కోటుకే దణ్ణం పెట్టినట్టు ఉండేది.

దానమిచ్చిన ఆవుకు పళ్లు చూడకూడదని సామెత. ఇక్కడ ఆవు అందినాక పుచ్చుకున్నవాడే తిరిగొచ్చి ఇచ్చినవాడి పళ్లు లెక్కపెడుతున్నాడు: జీతం పెరిగిందా బ్రదర్, ఓవర్‌టైం దొరుకుతోందా బ్రదర్.

అందరూ అలా ఉండరు. మా ఊరి అవతల ఒక ముసలి పాస్టరుగారున్నారు. ఫోన్ చేయరు. జనవరిలో రూళ్ల నోటుబుక్కు పేజీ ఫొటో పంపిస్తారు. సిమెంటు 12 బస్తాలు, ఇసుక ఒక ట్రాక్టరు, మేస్త్రీ కూలి, మిగులు 340. కూడిక నలభై రూపాయలు తప్పింది. గుమాస్తాని కదా, చూడగానే కంటబడింది. ఆయనకు చెప్పలేదు.

శుక్రవారం రాత్రి కుర్రాడు నా మంచం మీద కూర్చుని, “జవాబు మీరు రాయండి బాబాయ్, నాకు మాటలు రావు” అన్నాడు. రాశాను. “వందనాలు అయ్యగారూ. పోయిన సంవత్సరం పంపినదానికి ఏం కొన్నారో ఒక కాగితం మీద రాసి ఫొటో పంపండి. అది చూశాక ఈ సంవత్సరం సంగతి మాట్లాడుకుందాం.” వాడు రెండుసార్లు చదువుకున్నాడు. బొటనవేలితో వెనక నుంచి ఒక్కో అక్షరమే చెరుపుకుంటూ వచ్చి “వందనాలు అయ్యగారూ” దగ్గర ఆగి, పంపేశాడు.

తర్వాత చొక్కా తొడుక్కుంటూ, “మనీ ఎక్స్ఛేంజ్ పదింటిదాకా ఉంటుందా బాబాయ్?” అని అడిగాడు.

— క్యాంపు గుమాస్తా, మఫ్రఖ్